పిడుగు, పొగ, మంచు: శరత్తులో ఊరి బాధ్యత



భాద్రపదం దాటి ఆశ్వయుజం వచ్చేసరికి మనకు ఒక నిశ్చింత కలుగుతుంది. ముసురు పోయింది, ఎండాకాలం ఇంకా దూరం, ఆకాశం నిర్మలంగా ఉంది. మన కవులు శరత్తును మెచ్చుకున్నదీ ఆ నిర్మలత్వానికే. వాతావరణ సూచనల మీద శ్రద్ధ సడలేదీ ఈ రోజుల్లోనే. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే తప్ప సాయంత్రం వార్తల్లో ఆ చివరి రెండు నిమిషాలు చెవిన పెట్టేవాళ్లు తక్కువ. ఆ నిశ్చింత మంచిది కాదని చెప్పడానికే ఈ ప్రసంగం. తుపాన్ల సంగతి పక్కన పెట్టినా, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా పిడుగు, పొగ, మంచు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మూడూ చిన్న పరిధిలో, తక్కువ వ్యవధిలో జరిగిపోయేవి. ఒక ఊళ్లో పిడుగు పడి మనిషి పోతే పక్క ఊళ్లో చినుకు కూడా ఉండదు. కాబట్టి రాష్ట్రానికంతటికీ కలిపి చెప్పే సూచన ఒక్కటే వీటి నుంచి మనల్ని కాపాడలేదు. ఆ సూచనను అందుకుని, తన పైనున్న ఆకాశాన్ని తానే గమనించి, గంటల్లో నిర్ణయం తీసుకోగల ఊరు కావాలి. నేను చెప్పదలచింది ఇదే.

ముందు ఈ ఋతువు ఎలా మారుతుందో చూద్దాం. నైరుతి రుతుపవనాలు పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనుదిరగడం సగటున సెప్టెంబరు 17న మొదలవుతుంది. అక్టోబరు 15 నాటికి అవి దేశమంతటి నుంచి నిష్క్రమిస్తాయి. మన రెండు రాష్ట్రాలను కూడా దాదాపు అప్పుడే విడుస్తాయి. తరవాత గాలి తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి వీచడం మొదలవుతుంది. మధ్యలో ఉన్నది సంధికాలం. మూడు నెలల వానకు నేల నాని ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి, సముద్రం వైపు నుంచి తేమ వస్తూనే ఉంటుంది. మారిందల్లా ఒకటే: పైనున్న మబ్బు తెర తొలగింది. ఆ తెర తొలగడం పగటిపూట ఒక విధంగా, రాత్రిపూట మరో విధంగా పని చేస్తుంది. పగలు ఎండ నేరుగా తడి నేలను కాచి, వేడెక్కిన తేమగాలిని పైకి నెడుతుంది. మధ్యాహ్నం దాటేసరికి ఉరుముల మబ్బు లేస్తుంది. రాత్రి నేలలోని వేడి అడ్డులేకుండా ఆకాశంలోకి పోతుంది. నేలను ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లబడి కదలకుండా నిలిచిపోతుంది. ఆ నిలకడ గాలిలోనే పొగ చిక్కుకుంటుంది, మంచు కురుస్తుంది. అంటే మనం వేరువేరు అనుకునే ఈ మూడింటికీ మూలం ఒకటే. మనం చూసి సంతోషించే ఆ నిర్మలాకాశమే వాటికి మూలం.

మొదట పిడుగు. ఉరుముల మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. దాని లోపల మంచు పలుకులూ, మెత్తని వడగళ్లూ ఢీకొని విద్యుదావేశాలు విడిపోతాయి. ఆ తేడా భరించలేనంత పెరిగినప్పుడు మెరుపు నేలకు దిగుతుంది. అది సాగే దారిలో గాలి దాదాపు ముప్పైవేల డిగ్రీలకు వేడెక్కుతుంది. మన దేశంలో ప్రకృతి వైపరీత్యాలలో ఎక్కువ మందిని చంపుతున్నది ఇదే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రకృతి శక్తుల వల్ల 8,060 మంది చనిపోతే, వారిలో 2,887 మంది పిడుగుపాటుకు బలైనవారు. వరదలకూ చలికీ వడదెబ్బకూ పత్రికల్లో దొరికే చోటు ఈ మరణాలకు దొరకదు. ఇవి ఒక్కచోట వందల్లో జరగవు. ఒక పత్తిచేలో ఇద్దరు కూలీలు, ఒక చెట్టు కింద ఒక గొర్రెల కాపరి, తాటిచెట్టు మీద ఒక గీత కార్మికుడు, ఇలా విడివిడిగా జరుగుతాయి. పైగా మన ప్రాంతంలో పత్తి తీతలూ, మొక్కజొన్న ఆరబోతలూ, ముందు వేసిన వరి కోతలూ సరిగ్గా ఈ నెలల్లోనే. ఉరుముల మబ్బులు ఎక్కువగా లేచేదీ, చేలల్లో మనుషులు ఎక్కువగా ఉండేదీ ఒకే వేళ. మధ్యాహ్నం మూడు నుంచి చీకటి పడేదాకా.

ఈ మబ్బును ముందుగా ఎంతవరకు చెప్పగలం? ఇక్కడ శాస్త్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో విడదీసి చూడాలి. తుపాను వందల కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది, రోజుల తరబడి బతుకుతుంది. కాబట్టి దాన్ని నాలుగైదు రోజుల ముందే వెంబడించవచ్చు. విడి ఉరుముల మబ్బు అడ్డంగా పది కిలోమీటర్లు ఉంటే ఎక్కువ, బతికేది గంటలోపే. రేపు మధ్యాహ్నం ఈ జిల్లాలో అలాంటి మబ్బులు పుట్టే పరిస్థితి ఉందని ముందురోజే చెప్పవచ్చు. ఏ ఊరి మీద పుడుతుందో మాత్రం అది పుట్టాకే తెలుస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోటలలో ఉన్న డాప్లర్ రాడార్లు ఆ పుట్టుకను పట్టుకుంటాయి. వాటి ఆధారంగా వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను ఫోనులోనే చూపిస్తుంది. హెచ్చరికల రంగులు కూడా నిర్ణయాల కోసం ఏర్పడ్డవే. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. శాస్త్రం చేయగలిగింది మూడు గంటల ముందు దాకా తెచ్చి ఇవ్వడం. ఆ మూడు గంటల్లో ఏం చేయాలన్నది ఊరు ముందే తేల్చుకుని ఉండాలి.

ఇక్కడ చాలామంది ఒక అభ్యంతరం చెబుతారు. వాతావరణ శాఖ చెప్పిన వాన ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు రాలేదు, దాన్ని నమ్మి పని ఎలా ఆపుకుంటాం అంటారు. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. సూచన విఫలమైనప్పుడు రైతుకు కూలి నష్టం, నమ్మకం నష్టం. కానీ మనం విఫలమనుకునేదాంట్లో కొంత, సూచనను సరిగా వినకపోవడం వల్ల కలిగేది. బులెటిన్‌లో ఒకటి రెండు చోట్ల అన్నారంటే, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. అలాంటి రోజున ప్రతి నాలుగు ఊళ్లలో మూడు పొడిగా ఉండిపోయినా సూచన నిజమైనట్టే. ఆ మూడు ఊళ్లవాళ్లు మాత్రం శాఖ మళ్లీ తప్పిందనే అనుకుంటారు. ఇంకో సంగతి, జాగ్రత్త ఖరీదునూ నష్టం ఖరీదునూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఉరుము వినగానే చేను వదిలి అరగంట పక్కా ఇంట్లో కూర్చుంటే పోయేది అరగంట పని. కూర్చోకపోతే పోయేది మనిషి. మూడు హెచ్చరికల్లో రెండు వృథా అయినా, మూడోది నిజమైనప్పుడు మిగిలే ప్రాణం ఆ రెండు అరగంటల విలువను ఎన్నో రెట్లు తీర్చేస్తుంది.

కూలి మీద బతికేవాళ్లు ఉరిమిన ప్రతిసారీ పని ఆపగలరా అన్నది దీని వెంట వచ్చే ప్రశ్న. ఆపగలగాలంటే ఆ నిర్ణయాన్ని కూలీ ఒంటి భుజం మీద వదిలేయకూడదు. మెరుపు కనిపించాక ఉరుము వినపడడానికి ముప్పై సెకన్లలోపే పడితే మబ్బు పది కిలోమీటర్ల లోపున ఉన్నట్టు. ఎందుకంటే శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ఆ లెక్క ఎవరైనా వేళ్ల మీద పెట్టుకోగలిగిందే. చివరి ఉరుము విన్నాక ముప్పై నిమిషాలు ఆగి మళ్లీ పనిలోకి దిగాలన్నది ప్రపంచమంతా పాటిస్తున్న నియమం. దీన్ని కూలి ఒప్పందంలో భాగం చేయాలి. ఆ అరగంటకు కూలి కోత ఉండదని రైతు ముందే మాట ఇవ్వాలి, ఉపాధి హామీ పనుల చోట మేస్త్రీ దాన్ని అమలు చేయాలి. చెట్టు కింద నిలబడడం, గుంపుగా ఒక్కచోట చేరడం మానాలి. దగ్గర్లో పక్కా ఇల్లు లేకపోతే తలుపులు మూసిన కారు, బస్సు, లారీ క్యాబిన్ మేలు. పిడుగుపాటుకు గురైన మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. తాకితే మనకేమవుతుందోనన్న భయంతో దూరంగా నిలబడే నిమిషాల్లోనే ఆగిన గుండె మళ్లీ కొట్టుకునే అవకాశం పోతుంది. వెంటనే తాకి, గుండె మీద లయగా ఒత్తుతూ, 108కి ఫోన్ చేయించాలి. పేడలోనో మట్టిలోనో పూడ్చే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. అది బతికే అవకాశాన్ని చేజేతులా తీసేయడమే.

రెండోది పొగ. పగటి ఎండకు గాలి కిలోమీటరుకు పైగా ఎత్తు దాకా కలగలుపుగా తిరుగుతుంది, మనం వదిలిన పొగ అంత మేరా పలచబడుతుంది. శరత్తు రాత్రుల్లో నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చని గాలి ఉంటాయి కనుక ఆ పైపొర గిన్నె మీద మూతలా పని చేస్తుంది. కింద మిగిలిన వందా రెండొందల మీటర్లలోనే రాత్రంతా పొగ పేరుకుంటుంది. పగలు వదిలితే హాని తక్కువగా ఉండే అదే పొగ, సాయంత్రం వదిలితే తెల్లవారేదాకా మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. కోసిన వరి మళ్లలో కొయ్యకాళ్లకు నిప్పు, దీపావళి బాణసంచా, పట్టణ శివార్లలో చెత్తకుప్పల మంటలు, ఇటుక బట్టీలు, చలిమంటలు అన్నీ కూడబలుక్కున్నట్టు ఈ నెలల్లోనే, ఎక్కువగా సాయంత్రాలే మొదలవుతాయి. కొండల నడుమ ఉన్న విశాఖపట్నం లాంటి చోట్ల ఆ పొగ పక్కకు కూడా జరగలేదు. గాలిలో రెండున్నర మైక్రాన్ల లోపు ధూళి ఘనపు మీటరుకు రోజు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కు తగ్గించింది. ఢిల్లీ పొగ గురించి ఏటా మాట్లాడుకునే మనం, మన ఊళ్లో పొగను మాత్రం ఎవరికి వారి ఇంటి సంగతిగా చూస్తున్నాం.

గడ్డి కాల్చక రైతుకు వేరే దారి ఉందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కూలీలు దొరక్క కంబైన్ హార్వెస్టర్ వచ్చింది. అది కోసిన మడిలో గడ్డి ముక్కలై చెదిరిపోతుంది, ఏరి కుప్ప వేయడం కష్టం. రెండో పంటకు గడువు తక్కువ. ఇంటికి రెండు జతల ఎడ్లున్న రోజులు పోయాక ఆ గడ్డి తినేదీ లేదు. అలాంటి స్థితిలో రైతును తిట్టడం వల్ల ఒరిగేది లేదు. కానీ కాల్చడం ఖర్చులేని పని అనుకోవడం కూడా సరికాదు. టన్ను వరిగడ్డి కాలితే సుమారు ఐదున్నర కిలోల నత్రజని, రెండు కిలోలకు పైగా భాస్వరం, పాతిక కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. వాటిని రైతు మళ్లీ బస్తాల్లో కొంటున్నాడు. దారులు మన ప్రాంతంలోనే ఉన్నాయి. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే మడిలో మినుము, పెసర చల్లి, ఆ కొయ్యకాళ్ల మధ్యే పంట తీయడం తరాల నాటి పద్ధతి. గుంటూరు ప్రాంతంలో దుక్కి దున్నకుండా వరి మాగాణుల్లో మొక్కజొన్న వేస్తున్నారు. గడ్డిని చుట్టలు కట్టే బేలరు ఒక రైతు కొనలేనిది, పది ఊళ్లు కలిస్తే అద్దెకు తిరిగేది. ఇది కూడా ఒంటరి రైతు తేల్చుకోగలిగింది కాదు. సహకార సంఘమో, ఉత్పత్తిదారుల సంఘమో, పంచాయతీయో పూనుకుంటేనే తేలుతుంది. అంతవరకు కనీసం ఊరికి గాలి వాటున, సాయంత్రం వేళ నిప్పు పెట్టకూడదన్న కట్టుబాటైనా ఉండాలి.

మూడోది మంచు. కార్తీకం నాటికి తెల్లవారుజామున పొలాల మీద, చెరువుల మీద పొగమంచు దిగుతుంది. గాలిలో పొగ కణాలు ఎంత ఎక్కువగా ఉంటే నీటి బిందువులు పట్టుకోవడానికి అంత ఆధారం దొరుకుతుంది, మంచు అంత చిక్కనవుతుంది. సాయంత్రం కాల్చిన గడ్డి ఉదయం జాతీయ రహదారి మీద చూపు మూసేస్తుందన్నమాట. అడుగు దూరంలో లారీ ఉన్నా కనపడని ఆ గంటలో బయల్దేరకుండా ఎనిమిదింటి దాకా ఆగడం కంటే మంచి జాగ్రత్త లేదు. పంటకూ దీనితో ముప్పుంది. చల్లని రాత్రులూ, ఆకుల మీద గంటల తరబడి నిలిచే తడీ వరిలో అగ్గితెగులుకు అనుకూలం. మనవాళ్లు ఇష్టంగా పండించే సాంబ మసూరి దానికి త్వరగా లొంగే రకం. ఇక మన్యం సంగతి. చింతపల్లి మండలంలోని లంబసింగిలో శీతాకాలపు రాత్రుల్లో వేడి సున్నాకు దగ్గరగా పడిపోతుంది. వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత నేలకు నాలుగు అడుగుల ఎత్తున, పెట్టె నీడలో కొలిచింది. ప్రశాంతమైన రాత్రి గడ్డిమీద అంతకంటే కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. మూడు నాలుగు డిగ్రీలని విన్న రోజున కూడా నేల మీద మంచు గడ్డకట్టవచ్చు, కూరగాయల నారు మాడిపోవచ్చు. చలికి తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే ఇళ్లలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి మొదలవకముందే ఈ మాట ప్రతి గూడేనికీ, అక్కడికి వచ్చే ప్రతి పర్యాటకుడికీ చేరాలి.

ఇవన్నీ మన పెద్దలకు తెలుసు, కార్తెలను బట్టి వాళ్లు చెప్పగలిగేవారు, ఈ రాడార్లు లేకుండానే బతకలేదా అని మరో వాదం ఉంది. కార్తెల జ్ఞానం మీద నాకు గౌరవం ఉంది. ఉత్తర చూసి ఎత్తర గంప అన్న సామెత మూఢనమ్మకం కాదు. ఉత్తర కార్తెలో వాన తీరు చూసి ఉండాలో వలస పోవాలో తేల్చుకోమని చెప్పే నియమం అది. ముందు చూడు, తరవాత తేల్చుకో అంటుంది. అయితే కార్తె చెప్పేది ఋతువు సగటును. ఈ ఏడాది, ఈ మధ్యాహ్నం ఏం జరుగుతుందో అది చెప్పదు. 2019లో రుతుపవనాల తిరోగమనం అక్టోబరు 9 దాకా మొదలే కాలేదు, నమోదైన చరిత్రలో అంత ఆలస్యం లేదు. 2020 అక్టోబరు 13న, రుతుపవనాలు వెళ్లిపోవలసిన వేళ, తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి హైదరాబాద్‌ను వరదలో ముంచింది. పైగా కార్తెలకు ఆధారమైన నక్షత్రాల లెక్కకూ ఋతువులకూ మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ వస్తోంది. పెద్దల నుంచి తీసుకోవలసింది తేదీలను కాదు, చూసి నిర్ణయించుకునే అలవాటును. ఆ అలవాటుకు రాడార్ కొత్త కన్ను అవుతుంది.

హెచ్చరికను నిర్ణయంగా మార్చగలిగితే ఏం జరుగుతుందో తుపాన్లు మనకు రుజువు చేశాయి. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1999 అక్టోబరులో ఒడిశా మహా తుపానులోనూ దాదాపు అంతే. 2013 అక్టోబరు 12న అదే తీరానికి ఫైలిన్ వచ్చింది, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకింది. ఆస్తినష్టం అపారం, మరణాలు మాత్రం పదుల్లో ఆగాయి. గాలి వేగం తగ్గి కాదు ఆ తేడా వచ్చింది. హెచ్చరిక ముందే వచ్చింది, ఎవరు ఎక్కడికి పోవాలో ముందే నిర్ణయమై ఉంది, లక్షల మందిని కదిలించే యంత్రాంగం ఉంది. పిడుగు విషయంలో, పొగ విషయంలో, మంచు విషయంలో ఆ యంత్రాంగం జిల్లా కేంద్రం నుంచి రాలేదు, అంత సమయం ఉండదు. అది ఊళ్లోనే ఉండాలి.

కాబట్టి ప్రతి గ్రామ పంచాయతీకీ నా విజ్ఞప్తి ఇది. ఈ ఋతువు మొదలవగానే ఒక గ్రామసభ పెట్టండి. మూడు గంటల హెచ్చరిక రాగానే మైకులో చెప్పే బాధ్యత ఇద్దరికి అప్పగించండి. ఉరుము వినగానే ఏ చేలవాళ్లు ఏ పక్కా కట్టడానికి చేరాలో గుర్తించి పెట్టండి. బడి గదులు, రైతు భవనాలు అందుకు తాళాలు లేకుండా ఉండాలి. గడ్డి ఎత్తించడానికి బేలరు ఎక్కడి నుంచి, ఎంతకు వస్తుందో కోతలకు ముందే కనుక్కోండి. గుండె మీద ఒత్తడం పదిమంది యువకులకు నేర్పించండి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు, ఏదీ మన చేతకానిది కాదు. పిడుగుపాటుతో పోతున్న ప్రాణాల్లో చాలావరకు కాపాడుకోదగ్గవే. ఈ శరత్తులో వాటిని కాపాడుకునే పని మన ఊరితోనే మొదలుపెట్టండి.